కొలాస్టమీ బ్యాగుల్లో వన్ పీసా, టూ పీసా? రాయగడ, పర్లాకిమిడి వైపు వాడేవాళ్ల కోసం

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం వైపు ఆపరేషన్ చేయించుకుని పొట్ట మీద స్టోమాతో (మలం బయటికి రావడానికి పేగును పొట్ట మీదికి తెచ్చి పెట్టిన రంధ్రంతో) ఇంటికొచ్చిన తెలుగువాళ్లు మొదటి వారంలోనే అడిగే మాట, ఏ బ్యాగు కొనాలి అని. ఆసుపత్రిలో అతికించి పంపిన బ్యాగు మూడు నాలుగు రోజులకు వదులవుతుంది. చేతిలో ఉన్న చీటీ మీద "కొలాస్టమీ బ్యాగ్" అని మాత్రమే రాసి ఉంటుంది. మందుల షాపులో ఏది ఉంటే అది ఇస్తారు. అందుకని మనవైపు దొరికే రకాలను పక్కపక్కన పెట్టి, లీకు ఎంత, చర్మం ఎలా ఉంటుంది, అయిపోతే మళ్లీ దొరుకుతుందా అన్న మూడు లెక్కల్లో చూసి రాస్తున్నాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఇలియాస్టమీ (చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చినది) ఉన్నవాళ్లకు, అందులోనూ ఆపరేషన్ అయి మూడు నెలలు దాటనివాళ్లకు, మనం కత్తిరించుకునే వన్ పీస్ డ్రైనబుల్ బ్యాగు, అంటే అతికే ప్లేటు, సంచి కలిసే ఉండి, కింది మూతి తెరిచి ఖాళీ చేసుకునేది మంచిది. లోపల కనిపించే రకం, వెల్క్రోతో మూతి మడిచేది తీసుకోండి. కొలాస్టమీ (పెద్దపేగుది) పాతబడి, మోషన్ గట్టిగా వస్తూ, చేతివాటం కుదిరినవాళ్లకు టూ పీస్ (ప్లేటు, సంచి విడివిడిగా వచ్చేది) హాయిగా ఉంటుంది. బెల్టుతో నడుముకు కట్టుకునే చవక ప్లాస్టిక్ సంచులు ఇలియాస్టమీకి వద్దే వద్దు.

షాపులో అన్నిటినీ కొలాస్టమీ బ్యాగనే పిలుస్తారు కాబట్టి ముందు మీది ఏ రకమో తెలుసుకోండి. పెద్దపేగును పొట్ట మీదికి తెస్తే కొలాస్టమీ. అది ఎక్కువగా ఎడమవైపు ఉంటుంది, మోషన్ ముద్దగా వస్తుంది. చిన్నపేగు చివరను తెస్తే ఇలియాస్టమీ. ఇది ఎక్కువగా కుడివైపు కిందుగా ఉంటుంది, గంజిలా పలచగా రోజంతా వస్తూనే ఉంటుంది. మూత్రం వచ్చేది యూరాస్టమీ, దాని బ్యాగుకు కింద కుళాయి ఉంటుంది, అది వేరే సంగతి. డిశ్చార్జి కాగితంలో "లూప్ ఇలియాస్టమీ" అనో "ఎండ్ కొలాస్టమీ" అనో రాసి ఉంటుంది. ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసి ఉంచుకుంటే షాపులో సగం తగువు తీరుతుంది. టైఫాయిడ్‌తో పేగు చిల్లుపడినవాళ్లు, పేగు క్షయ వచ్చినవాళ్లు, మలద్వారం దగ్గర కేన్సర్ ఆపరేషన్ అయినవాళ్లు, క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు వాపు జబ్బులు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు, ఇలా కారణాలు చాలా ఉంటాయి. బ్యాగు ఎంపికకు మాత్రం కావలసింది కారణం కాదు, వచ్చేది పలచనా గట్టా, స్టోమా ఎత్తుగా ఉందా లోపలికి పోయిందా అన్నది.

బెల్టు సంచుల గురించి ముందే తేల్చేద్దాం. ఇవి చవక, కడిగి మళ్లీ వాడుకోవచ్చు, అందుకే చాలామంది వీటికి మొగ్గుతారు. కానీ వీటి రింగు చర్మానికి అతుక్కోదు, ఒత్తుకుని మాత్రమే ఉంటుంది. చిన్నపేగు నుంచి వచ్చే పలచటి మోషన్లో ఆహారాన్ని అరగదీసే రసాలు ఇంకా పని చేస్తూనే ఉంటాయి. అవి చర్మం మీద నిలిస్తే దాన్ని కూడా అరగదీస్తాయి. కొన్ని గంటల్లోనే ఎర్రబడి, ఒకటి రెండు రోజుల్లో తడి పుండవుతుంది. పుండు తడిగా ఉంటే ఆ తర్వాత ఎంత ఖరీదైన బ్యాగూ అతుక్కోదు. అక్కడ మిగిలిన డబ్బు ఇక్కడ మూడింతలు పోతుంది. గట్టి మోషన్ వచ్చే ఎడమవైపు కొలాస్టమీకి, అదీ చేతిలో వేరే ఏమీ లేనప్పుడు, రెండు మూడు రోజులు నెట్టుకురావడానికి పనికొస్తాయి. అంతకు మించి కాదు. పాలిథిన్ కవరు, గుడ్డ కట్టుకోవడం కూడా ఇదే లెక్క.

అసలు గొప్పతనం బ్యాగులో లేదు, చర్మానికి అతికే ప్లేటులో ఉంది. దాన్ని ఫ్లాంజి అని, బేస్ ప్లేటు అని అంటారు. ఇప్పటి ప్లేట్లు హైడ్రోకొలాయిడ్‌తో చేస్తారు. అది చెమటను కొంత పీల్చుకుంటూనే అతుక్కుని ఉంటుంది. దీనికి ముందు, 1950ల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్ స్టోమా చుట్టూ చర్మాన్ని కాపాడడానికి వాడినది కరాయ బంక. మన తూర్పు కనుమల అడవుల్లో గిరిజనులు చెట్టుకు గాటు పెట్టి సేకరించే తపసి బంకే అది. విశాఖలోని గిరిజన సహకార సంస్థ ఏళ్లుగా కొంటున్న సరుకు. అతికే బ్యాగు ఆలోచన కూడా ఆ కాలానిదే. డెన్మార్క్‌లో ఎలిసె సోరెన్‌సెన్ అనే నర్సు, స్టోమా ఉన్న తన చెల్లెలు థోరా బయటికి రావడానికే భయపడుతుంటే చూడలేక 1954లో ఆ ఆలోచన చేసింది. 1957లో మొదలైన కోలోప్లాస్ట్ కంపెనీకి మూలం అదే. ఈ రోజు మన దేశంలో పెద్ద ఊళ్లలో దొరికేవి ముఖ్యంగా కోలోప్లాస్ట్, కన్వాటెక్, హోలిస్టర్ సరుకులు. ప్లేటు నాణ్యతలో ఈ మూడింటి మధ్య మాకు ఎక్కువ తక్కువలు కనిపించవు. ఒకరి చర్మానికి ఒకటి పడుతుంది, ఇంకొకరికి ఇంకొకటి.

వన్ పీస్ అంటే ప్లేటు, సంచి కలిపి అతికించి వచ్చేది. పలచగా ఉంటుంది, వంగితే వంగుతుంది, చీర కట్టినా ప్యాంటు వేసినా ఉబ్బుగా తెలియదు. ప్లేటు మధ్యలో చిన్న రంధ్రం, చుట్టూ కొలతల వలయాలు ఉంటాయి. మన స్టోమాకు సరిపడా కత్తిరించుకోవాలి. ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు స్టోమా వాపు తగ్గుతూ చిన్నదవుతూ ఉంటుంది. అన్నాళ్లూ వారానికోసారి కొలవాలి. ముందే కోసి వచ్చే ప్రీకట్ రకం ఈ దశలో కొంటే పెట్టెలో సగం వృథా అవుతుంది. కత్తిరించుకునేదైతే పెట్టె చివరి బ్యాగు వరకు పనికొస్తుంది. మా తీర్పుకు పెద్ద కారణం ఇదే. రెండో కారణం లెక్క సులువు. ఇలియాస్టమీకి సగటున మూడు రోజులకోసారి మారిస్తే నెలకు పది, అంటే మామూలుగా వచ్చే పది బ్యాగుల పెట్టె ఒకటి. పక్క ఊరి షాపుకు ఫోన్లో చెప్పి తెప్పించుకోవాలన్నా ఒక కోడు నంబరు చెబితే చాలు.

టూ పీస్‌లో ప్లేటు వేరు, సంచి వేరు. ప్లేటు మీద ప్లాస్టిక్ రింగు ఉంటుంది, సంచి దానికి టక్కుమని బిగుస్తుంది. ప్లేటు నాలుగైదు రోజులు కదపకుండా ఉంచి సంచి మాత్రం మార్చుకోవచ్చు, తీసి గాలి వదిలి మళ్లీ పెట్టుకోవచ్చు. చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకు ఇది నిజంగా మేలు. చిక్కు ఎక్కడంటే, రెండు వస్తువులూ ఒకే కంపెనీవి, ఒకే రింగు సైజువి అయి తీరాలి. ఒక కంపెనీ సైజులు 40, 50, 60 మిల్లీమీటర్లయితే ఇంకో కంపెనీవి 38, 45, 57, 70. 57 ప్లేటుకు 60 సంచి పట్టినట్టే అనిపించి గంటలో ఊడిపోతుంది. హోలిస్టర్ రింగులకు రంగులు పెట్టింది: 44కు ఆకుపచ్చ, 57కు ఎరుపు, 70కి నీలం. చదువురాని పెద్దవాళ్లకు ఇది చాలా సాయం. రంగు కలిస్తే సైజు కలిసినట్టే. ఇంకో సంగతి, 50 రింగు అంటే 50 వరకు కత్తిరించవచ్చని కాదు. ప్లేటు వెనక గీసిన ఆఖరి వలయం దాటితే అంటు పలచబడి రింగు దగ్గరే లీకవుతుంది. ఆపరేషన్ అయిన కొత్తలో సంచిని రింగుకు బిగించడానికి పొట్ట మీద నొక్కాలి, అది నొప్పి. మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం మాత్రం సరఫరాది. సంచులు దొరికి ప్లేట్లు దొరకని నెల, ప్లేట్లుండి సంచుల్లేని నెల సరిహద్దు జిల్లాల్లో వస్తూనే ఉంటాయి. రెండూ ఒకేసారి, ఒకే బిల్లులో కొనగలిగినవాళ్లే దీనికి దిగాలి.

ఇక అతికించడం. ఎంత మంచి బ్యాగైనా ఇక్కడే పాడవుతుంది కాబట్టి ఇది నెమ్మదిగా చదవండి.

పొద్దున్నే, ఏమీ తినక ముందు చేయండి. ఇలియాస్టమీ అప్పుడు కాస్త నెమ్మదిగా ఉంటుంది. కొత్త ప్లేటు కత్తిరించి సిద్ధంగా పెట్టుకున్నాకే పాతది తీయాలి. పాతదాన్ని పైనుంచి కిందికి, ఒక చేత్తో తడి గుడ్డతో చర్మాన్ని నొక్కుతూ, రెండో చేత్తో ప్లేటును కొద్దికొద్దిగా వదిలించాలి. బ్యాండేజీ పీకినట్టు లాగితే చర్మం పైపొర దాంతోపాటే వస్తుంది. కడగడానికి మామూలు నీళ్లు చాలు. డెటాల్, స్పిరిట్, కొబ్బరినూనె, పిల్లలకు వాడే తడి వైప్స్ (తుడుపు కాగితాలు) ఇవేవీ వద్దు. జిడ్డు మిగిలితే ప్లేటు పట్టదు, స్పిరిట్ చర్మాన్ని ఎండిపోయేలా చేస్తుంది. తుడిచేటప్పుడు స్టోమా మీద చుక్క రక్తం కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, అక్కడ రక్తనాళాలు ఎక్కువ. స్టోమాకు నొప్పి తెలియదు, అందుకే రంధ్రం బిగుతై అంచు కోస్తున్నా మనకు తెలియదు. రంగు చూస్తూ ఉండాలి. ఎర్రగా, తడిగా ఉంటే బాగున్నట్టు. నీలంగా, నల్లగా మారితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పెట్టెలో వచ్చే కొలత కార్డు పెట్టి చూడండి. స్టోమా మొదలుకన్నా రంధ్రం చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. గుండ్రంగా లేకపోతే, కోడిగుడ్డు ఆకారంలో ఉంటే, పారదర్శక కవరు ముక్క మీద గీత గీసి ఆ బొమ్మను ప్లేటు మీదికి ఎక్కించండి. వెనక కాగితం మీద గీసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, బొమ్మను తిప్పి పెట్టాలి. చిన్న వంకీ కత్తెర వాడితే అంచు నున్నగా వస్తుంది. కోశాక వేలితో లోపలి అంచు చుట్టూ రుద్దండి, మొనలు పోతాయి. సంచి పైపొరను ముందే చేత్తో దూరంగా లాగి పట్టుకోవాలి. లేకపోతే కత్తెర సంచినీ కోసేస్తుంది. వన్ పీస్‌లో తరచూ జరిగే పొరపాటు ఇది.

చర్మం పొడిగా ఉండాలి, పొడిగా ఉన్నట్టు కనిపిస్తే చాలదు. వేలి వెనక భాగంతో తాకి చూడండి. వెంట్రుకలుంటే కత్తెరతో దగ్గరగా కత్తిరించండి. ప్లేటును ముందు చంకలోనో అరచేతుల మధ్యనో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. పొట్ట మడత పడకుండా నిటారుగా నిలబడి లేదా వెల్లకిలా పడుకుని, కింది అంచు ముందు ఆనించి పైకి తీసుకెళ్లండి. మొదట స్టోమా చుట్టూ లోపలి అంచును వేలితో నొక్కి, తర్వాత బయటికి. ఆపైన అరచేయి మూసి ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి. ఒంటి వేడికే హైడ్రోకొలాయిడ్ పట్టు దొరికించుకుంటుంది. ఈ ఐదు నిమిషాలూ ఇవ్వకపోవడం వల్లే "కంపెనీ మాల్ బాలేదు" అనే ఫిర్యాదుల్లో చాలా భాగం పుడతాయి. మూతి మూశారో లేదో ముందే చూసుకోండి. నడిచే మనిషికి మూతి నేరుగా కిందికి, మంచం మీద ఉన్నవాళ్లకు పక్కకు తిప్పి పెట్టాలి.

సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, సగం దాటనివ్వకూడదు. బరువుకు ప్లేటు పైఅంచు లేస్తుంది. ఖాళీ చేసేటప్పుడు మూతి అంచును బయటికి మడిచి పట్టుకుని వదిలి, తర్వాత తడి కాగితంతో మూతి తుడవాలి. రోజూ సంచి లోపల నీళ్లు పోసి కడగడం అవసరం లేదు. నీళ్లు పైకెక్కి ప్లేటు అంటును లోపలినుంచి వదులు చేస్తాయి. గాలి పోయే ఫిల్టరున్న బ్యాగైతే స్నానానికి ముందు పెట్టెలో వచ్చే చిన్న స్టిక్కరు దాని మీద అతికించాలి. తడిసిన ఫిల్టరు మళ్లీ పని చేయదు, సంచి బూరలా ఉబ్బుతుంది. నాగావళిలోనో వంశధారలోనో మునిగి స్నానం చేయవచ్చా అని అడుగుతారు. కుట్లు పూర్తిగా మానాక, బ్యాగు పెట్టుకునే చేయవచ్చు. కాకపోతే సంచిని ముందు ఖాళీ చేయండి, ఒడ్డుకొచ్చాక అంచుల వెంబడి గుడ్డతో అద్దండి.

మార్చిన ప్రతిసారీ, తీసిన ప్లేటును పారేయకముందు తిప్పి చూడండి. ఏ బ్రాండు బాగుంటుందన్న ప్రశ్నకు అందులోనే జవాబు ఉంటుంది. వెనక అంటు రంధ్రం చుట్టూ సమంగా, వేలి వెడల్పు లోపలే తెల్లబడి కరిగి ఉంటే అంతా బాగున్నట్టు. చుట్టూ చాలా దూరం కరిగిపోతే మార్చడం ఆలస్యమైంది, ఒక రోజు ముందుకు జరపండి. ఒక్క దిక్కునే, ఎక్కువగా అడుగున, గోధుమ రంగు దారి అంచు దాకా ఉంటే అక్కడ చర్మంలో మడతో గుంటో ఉందన్నమాట. బ్యాగు మార్చినా ఆ దారి పోదు. అద్దం ముందు కుర్చీలో కూర్చుని చూస్తే ఆ మడత కనిపిస్తుంది. ఆ చోట మాత్రం పేస్టుతోనో బ్యారియర్ రింగు (స్టోమా చుట్టూ పెట్టే మెత్తని అంటు వలయం) ముక్కతోనో పూడ్చాలి. స్టోమా చర్మం మట్టానికో లోపలికో పోయి ఉంటే చదును ప్లేటు ఎన్ని మార్చినా లాభం లేదు, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే కాన్వెక్స్ ప్లేటు, దానికి బెల్టు కావాలి. కాన్వెక్స్ మాత్రం సర్జనో స్టోమా నర్సో చూశాకే కొనండి, తప్పు చోట ఒత్తిడి పడితే పుండు పడుతుంది.

పేస్టు గురించి మన జనంలో పెద్ద అపోహ ఉంది. అది జిగురు కాదు. గుంటలు పూడ్చడానికి, రంధ్రం అంచున సందు మూయడానికి. ప్లేటంతా పూస్తే అంటు తగ్గిపోతుంది. సన్నటి వరుస ఒకటి పెట్టి ఒక నిమిషం ఆరనివ్వాలి. మామూలు ట్యూబు పేస్టులో ఆల్కహాల్ ఉంటుంది, ఒరిసిన చర్మానికి తగిలితే మంట పుడుతుంది. అలాంటప్పుడు పేస్టు బదులు బ్యారియర్ రింగు వాడాలి. చర్మం తడిగా ఒరిసి ఉంటే స్టోమా పౌడరు చల్లి, మిగిలినది దులిపి, పైన మంట పుట్టని బ్యారియర్ వైప్‌తో (చర్మం మీద రక్షణ పూత వేసే తుడుపు ముక్కతో) అద్ది ఆరనివ్వండి. ఇలా రెండు మూడు పొరలు వేస్తే పైన పొడి పక్కులాంటి పూత వస్తుంది, ప్లేటు దాని మీద పట్టుకుంటుంది. టాల్కం పౌడరు ఈ పని చేయదు. వానాకాలంలో ఎర్రటి మచ్చ చుట్టూ చిన్నచిన్న పొక్కులు విడివిడిగా వచ్చి దురద పెడితే అది ఫంగస్. డాక్టరు పొడి మందు రాయాలి, క్రీము రాస్తే బ్యాగు నిలవదు. డబ్బు కొద్దిగా ఉన్నవాళ్లు ముందు బ్యాగులు, తర్వాత పౌడరు, ఆ తర్వాతే పేస్టు కొనండి. వాసన పోగొట్టే చుక్కల సీసా ఆఖరున.

నిల్వ చాలామంది పట్టించుకోరు. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన పెట్టె ఏప్రిల్, మే నెలల్లో వేడెక్కి ప్లేటు అంటు కారిపోతుంది, అంచులు కాగితానికి అతుక్కుపోతాయి. లోపలి గదిలో, నేలకు దగ్గరగా, గోడ తడి తగలకుండా పెట్టాలి. ఫ్రిజ్ వద్దు. ఎండాకాలంలో పొలం పనికి వెళ్లేవాళ్లకు చెమటకు ప్లేటు ఒక రోజు ముందే వదులవుతుంది. ఆ రెండు మూడు నెలలూ నెలకు పది కాదు, పదిహేను లెక్కేసుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడిన సంగతి ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. దసరాకు ముందే ఒక పెట్టె అదనంగా ఇంట్లో ఉండాలి. మిగతా నెలల్లో ఐదు బ్యాగులు మిగలగానే ఆర్డరు చెప్పేయండి.

కొనే చోటు సంగతికొస్తే, చిన్న ఊళ్ల మందుల షాపులు వీటిని నిల్వ ఉంచవు. రాయగడ వాళ్లు పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ వెళ్లి తెచ్చుకోవడం మామూలు. పర్లాకిమిడి, గుణుపూర్ వాళ్లు నౌపడా లైను పట్టుకుని శ్రీకాకుళం వైపు దిగుతారు. గంజాం వాళ్లకు బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. కోరాపుట్, జయపురం వాళ్లకు కోరాపుట్‌లోనే మెడికల్ కాలేజీ వచ్చింది. స్టోమా సమస్యకు సర్జరీ ఓపీకి వెళ్లాలి, మెడిసిన్ ఓపీకి కాదు. ఆయుష్మాన్ కార్డు మీద ఆపరేషన్ జరిగితే డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందుల ఖర్చు పథకంలోనే ఉంటుంది. ఇంటికి పంపే ముందు బ్యాగులు కూడా ఇవ్వమని వార్డు సిస్టర్‌ను, ఆరోగ్య మిత్రను అడగండి. గేటు దాటాక అడిగితే వినేవాళ్లుండరు.

ఇప్పుడు మనిషి సాయం. బ్యాగుల కన్నా దీనికే మేం ఎక్కువ మార్కులు వేస్తాం, కొరత కూడా దీనికే ఎక్కువ. పెద్ద కంపెనీలకు ఫోన్ సహాయ సేవలున్నాయి, సైజు, కోడు నంబర్లు చెప్పడానికి, నమూనా అడగడానికి అవి పనికొస్తాయి. కానీ ఫోన్లో మడత కనిపించదు. ముంబైలోని ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏళ్లుగా స్టోమా ఉన్నవాళ్లకు సలహా, సామగ్రి అందిస్తోంది, అయితే మనకు దూరం, మాట వేరు. మనవైపు కావలసింది తెలుగులో, ఎదురుగా కూర్చుని చూపించే మనిషి. వార్డులో సిస్టర్ ఒడియాలో చెబుతుంది, కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, ఇంటికొచ్చాక బ్యాగు మార్చాల్సిన భార్యో కోడలో తెలుగు మాత్రమే తెలిసినవాళ్లు. ఈ మూడింటి మధ్యే సగం తప్పులు జరుగుతాయి. 1958లో, పైన చెప్పిన డాక్టర్ టర్న్‌బుల్ తన రోగులకు నేర్పడానికి ఎంచుకున్నది నర్సును కాదు, నార్మా గిల్ అనే ఆవిడను. ఆవిడకే ఇలియాస్టమీ ఉంది. ప్రపంచంలో స్టోమా నర్సింగ్ అనే చదువే అక్కడినుంచి మొదలైంది.

నాలుగైదు కుటుంబాలు కలిస్తే ఇక్కడా చాలా చేయవచ్చు. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లకు పెట్టె మొత్తం కొనడం భారం, ఏది పడుతుందో కూడా తెలియదు. ఒక పెట్టె విప్పి మూడేసి పంచుకుంటే అందరికీ పరీక్ష అవుతుంది. స్టోమా చిన్నదయ్యాక మిగిలిపోయిన పెద్ద సైజు ప్లేట్లు ఇంకొకరికి పనికొస్తాయి. గడువు తేదీ చూడండి, కవరు విప్పనివి, కత్తిరించనివి మాత్రమే ఇవ్వండి, పెట్టె మీది కోడును ప్రతి బ్యాగు మీదా పెన్నుతో రాయండి. వాడుతున్న పేస్టు ట్యూబు, పౌడరు డబ్బా చేతులు మారకూడదు. ఇలియాస్టమీ మనిషికి ఇలియాస్టమీ మనిషే నేర్పాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లు నేర్పాలి. లంగా బొందు స్టోమా మీదుగా వెళ్తే ప్లేటు పైఅంచు రోజూ లేస్తుంది, ముడి పైకో కిందికో జరపాలన్న మాట మగవాళ్లు చెప్పరు. ఆపరేషన్ ఇంకా జరగనివాళ్లు కలిస్తే, స్టోమా పెట్టే చోట ముందే పెన్నుతో గుర్తు పెట్టమని సర్జన్‌ను అడగమనండి. పడుకుని, కూర్చుని, నిలబడి మూడు విధాలా చూసి, బొందు గీత, పొట్ట మడత తప్పించి పెట్టిన గుర్తు జీవితాంతం లీకులు తప్పిస్తుంది. ఒక్క కట్టుబాటు మాత్రం గట్టిగా ఉండాలి: మందుల మోతాదు, యాంటీబయాటిక్, "మూసే ఆపరేషన్ ఇప్పుడొద్దు" లాంటి మాటలు తోటి రోగులు చెప్పకూడదు.

తిండి దగ్గర ఇలియాస్టమీ వాళ్లకు రెండు జాగ్రత్తలు చాలు, అవి మాత్రం తప్పకూడదు. మొదటిది అడ్డుపడేవి. వానాకాలంలో మనవైపు ఇష్టంగా తినే పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, మొక్కజొన్న పొత్తులు, పచ్చి కొబ్బరి, పనసతొనల పీచు, ములక్కాడ పిప్పి చిన్నపేగు సన్నటి చోట ముద్దకడతాయి. మొదటి ఆరు వారాలు వద్దు, తర్వాత కూడా కొద్దిగా, మెత్తగా నమిలి తినాలి. బ్యాగులోకి ఏమీ రాకుండా కడుపు మెలితిప్పి, వాంతి అయితే ఇంట్లో కూర్చోకండి. విరోచనం మందు అసలే వద్దు. రెండోది నీరు, ఉప్పు. సంచిలోకి రోజుకు ఒకటిన్నర లీటరు దాటి పోతుంటే మామూలు నీళ్లు ఎంత తాగినా తప్పు, ఇంకా పలచగా పోతుంది. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగాలి. పొట్లం లేకపోతే లీటరుకు ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తల కొట్టి కొలవాలి. కొబ్బరినీళ్లలో ఉప్పు తక్కువ, అవి ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. మూత్రం తగ్గి, నిలబడితే కళ్లు తిరిగితే సెలైన్ అవసరం. మెల్లగా కరిగే మాత్రలు, పైపూత ఉన్న మాత్రలు సంచిలోకి అలాగే వచ్చేస్తుంటే డాక్టరుకు చెప్పండి, అవి ఒంటికి పట్టడం లేదు.

షాపులో డబ్బు కట్టే ముందు పెట్టె పక్కన ఇవి చూడండి: "డ్రైనబుల్" అని ఉందా, కింద మూతి లేని "క్లోజ్డ్" రకమా, కత్తిరించే కొలత మీ స్టోమా కన్నా పెద్దదా, టూ పీస్ అయితే ప్లేటు మీద, సంచి మీద రింగు అంకె ఒకటేనా, గడువు ఇంకా ఎన్ని నెలలుంది. పెట్టె కోడు నంబరును ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపి ఉంచండి, వచ్చే నెల విశాఖ వెళ్లేది ఎవరైనా అదే పెట్టె తేగలుగుతారు. విప్పిన పెట్టెను షాపులు తిరిగి తీసుకోవు.